ఉలి తాకని శిల్పం

*కంప్యూటర్ తెరపై రూపుదిద్దుకునే దేవతామూర్తుల నగలు నిజంగా చెక్కినవా? చెక్కినట్టు కనిపించేవా? ఆ తేడాను మన శిల్పశాస్త్రం ఏనాడో చెప్పింది.*

శ్రావణ మాసం. పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. తెల్లవారుజామునే తలంటుకుని, కలశం నిలిపి, దానికి అమ్మవారి వెండి ముఖాన్ని అమరుస్తారు మీరు. బొట్టు పెట్టేటప్పుడు వేలి కొన ఒక్క క్షణం ఆ వెండి మీద ఆగుతుంది. ముక్కుపుడక గుండ్రన, చెవి జూకా గరుకు, కిరీటం అంచున పూసల వరుస... కళ్లు మూసుకున్నా ఆ ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. ఎప్పుడో ఒక కంసాలి వెండి రేకును లక్క మీద పరచి, వెనుక నుంచి ఓపికగా తట్టి తట్టి పైకి లేపిన రూపమది.

అదే ఇంట్లో, పక్క గదిలో, మీ అబ్బాయో అమ్మాయో కంప్యూటర్ ముందు కూర్చుని ఉండవచ్చు. తెర మీద లక్ష్మీదేవి నిలుచుని ఉంటుంది. పద్మాసనం, వడ్డాణం, కాసులపేరు, చీర అంచు... ఏ లోటూ లేదు. 'అమ్మా, ఇది నేను చెక్కానే' అని పిల్లలు అన్నప్పుడు పెద్దలకు ఒక సందేహం కలగడం సహజం. రాయి లేదు, లోహం లేదు, ఉలి లేదు. మరి చెక్కిందేమిటి? ఆ రూపాన్ని విగ్రహంగా పోత పోయించి పూజామందిరంలో నిలుపుకోవచ్చునా?

ఈ సందేహానికి సమాధానం వెదకాలంటే ఆ విద్యలోని కీలకాన్ని కొంచెం తెలుసుకోవాలి. దాని పేరు డిస్‌ప్లేస్‌మెంట్ టెక్స్చర్. మన మాటల్లో చెప్పుకోవాలంటే, ఎత్తుపల్లాల పటం.

విభూతి తెలుపు, కాటుక నలుపు

తెరపై శిల్పం చేసేవారు మొదట ఒక నున్నని రూపాన్ని సిద్ధం చేసుకుంటారు. అది చిన్న చిన్న పలకలు అతికిన వలవంటిది. నగలు ఉండవు, చీర మడతలు ఉండవు. తల, మొండెం, చేతులు, నిలబడిన తీరు మాత్రమే ఉంటాయి. పక్కనే ఒక చదునైన చిత్రాన్ని తయారు చేస్తారు. అందులో రంగులు ఉండవు. తెలుపు, నలుపు, వాటి నడుమ బూడిద ఛాయలు మాత్రమే ఉంటాయి.

ఇప్పుడు ఆ చిత్రాన్ని నున్నని రూపానికి తొడుగుతారు. చిత్రంలో విభూతివలె తెల్లగా ఉన్నచోట శిల్పం ఉపరితలం పైకి లేస్తుంది. కాటుకవలె నల్లగా ఉన్నచోట లోపలికి దిగుతుంది. సరిగ్గా నడిమి ఛాయలో ఉన్నచోట కదలక నిలుస్తుంది. తెల్లని చుక్కల వరుస గీస్తే ముత్యాల దండ అవుతుంది. సన్నని నల్లని గీత గీస్తే చీర మడత అవుతుంది. కంసాలి సుత్తి చేసిన పనినే ఇక్కడ ఛాయ చేస్తుంది.

అయితే రేకు పలుచగా, మెత్తగా లేకపోతే నగిషీ పలకదు కదా! తెరమీది శిల్పానికీ అంతే. పలకలు పెద్దవిగా ఉంటే ముత్యమంత సూక్ష్మరూపాన్ని అవి పట్టలేవు. కనుక ప్రతి పలకను నాలుగుగా విభజిస్తారు. మళ్లీ ఒక్కొక్కదాన్ని నాలుగుగా విభజిస్తారు. 10,000 పలకలతో మొదలైన రూపం ఇలా అయిదు పర్యాయాలు విభజన పొందేసరికి 1,02,40,000 పలకలవుతుంది. కోటికి మించిన ఆ పలకల్లో ప్రతి ఒక్కటీ చిత్రంలోని తన ఛాయను అనుసరించి కొద్దిగా లేస్తుంది, కొద్దిగా దిగుతుంది. అందరి కదలికా కలిస్తేనే అమ్మవారి వడ్డాణం.

చిత్రము, అర్ధచిత్రము, చిత్రాభాసము

మన శిల్పగ్రంథాలు రూపకల్పనను మూడు విధాలుగా విభజించాయి. నలువైపుల నుంచీ దర్శించదగిన సంపూర్ణ శిల్పం చిత్రము. గోడ నుంచో ఫలకం నుంచో సగం మాత్రం పైకి తేలిన శిల్పం అర్ధచిత్రము. వస్త్రం మీదనో గోడ మీదనో రంగులతో వేసినది చిత్రాభాసము. అంటే, శిల్పంలా తోచేది మాత్రమే.

ఆశ్చర్యం ఏమిటంటే, కంప్యూటర్ శిల్పం కూడా సరిగ్గా ఈ మూడు మెట్లనే ఎక్కింది. 1978లో జేమ్స్ బ్లిన్ అనే శాస్త్రవేత్త ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉపరితలాన్ని ఏమాత్రం కదల్చకుండా, దానిపై పడే వెలుగునీడల లెక్కను మార్చి, గరుకుగా ఉన్నట్టు భ్రమింపజేసే పద్ధతి అది. బంప్ మ్యాపింగ్ అని దానికి పేరు. చూడటానికి నగ ఉంటుంది, నిజానికి ఉండదు. అది చిత్రాభాసమే. 1984లో రాబర్ట్ కుక్ అనే మరో శాస్త్రవేత్త వెలుగును మాత్రమే కాక ఉపరితలాన్నే కదల్చే మార్గాన్ని వివరించాడు. అదే డిస్‌ప్లేస్‌మెంట్. అది అర్ధచిత్రము. ఇక వేళ్లకూ చేతులకూ నడుమ ఖాళీ ఉండేలా, చెవి కుండలం గాలిలో వేలాడేలా విడిగా మలచినది చిత్రము.

మొదటి రెండింటి తేడాను మీరే పరీక్షించవచ్చు. ఎదురుగా నిలిచి చూస్తే రెండు బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి. ఇప్పుడు బొమ్మను పక్కకు తిప్పి, దాని అంచును చూడండి. చిత్రాభాసమైతే కిరీటం మీద ఎన్ని పూసలు కనిపించినా అంచు గీత మాత్రం నున్నగానే ఉంటుంది. నిజంగా లేచిన ఉపరితలమైతే ఆ అంచు మీద ఒక్కొక్క పూస గుండ్రనా తేటగా కనిపిస్తుంది. గర్భాలయంలో అర్చకస్వామి హారతిని పక్కకు తిప్పినప్పుడు స్వామివారి ఆభరణాలు ఒక్కసారి నీడలు పరచుకుని మెరవడం మీరు చూసే ఉంటారు. ఆ నీడ నిజమైన ఎత్తుకు మాత్రమే పుడుతుంది.

ఈ భేదం తెలియక నష్టపోయినవారు ఉన్నారు. తెర మీద సర్వాలంకృతంగా ఉన్న రూపాన్ని చూసి మురిసి, ముద్రణకు పంపితే, చేతికి నున్నని బోసి బొమ్మ వస్తుంది. నగలన్నీ వెలుగునీడల లెక్కలోనే మిగిలిపోతాయి. డిస్‌ప్లేస్‌మెంట్ వాడినా, చిత్రం తీసే క్షణంలో మాత్రమే అది లేచేలా వదిలేస్తే ఫలితం ఇంతే. ఆ ఎత్తుపల్లాలను రూపంలోనే స్థిరపరచి, ఆ తర్వాతే ముద్రణకు పంపాలి. మీరు ఎవరిచేతనైనా ఇటువంటి విగ్రహం చేయించదలిస్తే, మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: 'ఈ నగలు రూపంలో ఉన్నాయా, వెలుగులో ఉన్నాయా?'

పసుపు లేచింది, కుంకుమ దిగింది!

ఎత్తుపల్లాల పటాన్ని తయారు చేయడంలో తొందరపాటు ఒకటుంది. గద్వాల చీర అంచు కావాలంటే చీరను ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపుగా మార్చి శిల్పానికి తొడిగితే చాలుననుకుంటారు కొత్తవారు. జరీ మెరుస్తుంది గనుక పైకి లేస్తుంది. బాగానే ఉంది. కానీ దాని పక్కనే ఉన్న ముదురు ఎరుపు నేత? అది ముదురుగా ఉన్న పాపానికి గోయిలా దిగిపోతుంది. నేతలో రెండూ ఒకే ఎత్తులో ఉన్నా, శిల్పంలో ఒకటి గట్టు, ఒకటి గుంట అవుతాయి.

అమ్మవారి పాదాలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన ఫోటోను ఇలా వాడితే ఏమవుతుందో ఊహించండి. లేత రంగు గనుక పసుపు లేస్తుంది. ముదురు రంగు గనుక కుంకుమ బొట్టు ఉన్నచోటల్లా పాదానికి గుంట పడుతుంది! రంగు వేరు, ఎత్తు వేరు. మెరిసేదంతా ఉన్నతమైనది కాదు, నల్లనిదంతా పల్లం కాదు. అందుకే నిపుణులు ఫోటోను నమ్మక, ఎత్తును తామే ఆలోచించి ఛాయను గీస్తారు. లేదా అసలు వస్తువును అన్ని వైపుల నుంచీ కొలిచి, ఆ కొలతనే ఛాయగా మారుస్తారు.

నడిమి ఛాయ విషయంలోనూ జాగరూకత కావాలి. కదలని స్థానానికి గుర్తు ఏ ఛాయయో శిల్పి నిర్ణయించాలి. అది నడిమి బూడిద ఛాయ కావలసి ఉండగా పొరపాటున నలుపుగా ఎంచారనుకోండి. నగలు లేనిచోట కూడా ఉపరితలమంతా పైకి లేస్తుంది. అమ్మవారి రూపం అంతటా ఉబ్బుతుంది. వేళ్ల సందులు పూడుకుపోతాయి. ముఖం మానం తప్పుతుంది. ఎక్కడా ఒక్క నగ కూడా తప్పు కాదు. కానీ ఆధారం తప్పడంతో అంతా తప్పిపోయింది.

ఛాయల సంఖ్య మరొకటి. సాధారణ చిత్రంలో నలుపు నుంచి తెలుపు వరకు 256 మెట్లే ఉంటాయి. ఆలయ ద్వారం మీద నిలిపే పెద్ద మూర్తిలో మొత్తం ఎత్తుపల్లం 10 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కొక్క మెట్టు దాదాపు 0.4 మిల్లీమీటర్లవుతుంది. బుగ్గ మీది మెత్తని వంపు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అందుకే శిల్పులు 65,536 ఛాయలున్న చిత్రాన్ని వాడతారు. అప్పుడు మెట్టు కంటికి అందనంత సన్ననవుతుంది.

రవికె కుట్టు వంటిదే

చదునైన చిత్రం గుండ్రని మూర్తికి ఎలా తొడుగుతారు? ఇది ఇంటి ఇల్లాలికి తెలిసిన విద్యే. రవికె కుట్టాలంటే గుడ్డను ముక్కలుగా కత్తిరించాలి. ముక్కలు చదునుగా ఉంటాయి, కుట్టిన తర్వాత గుండ్రని భుజానికి అమరుతాయి. తెరపై శిల్పాన్ని కూడా ఇలాగే కుట్ల వెంట విప్పి, చదునుగా పరచి, ఆ ముక్కల మీద ఛాయను గీస్తారు. కుట్టు దగ్గర అంచు పువ్వు సగం ఇటు, సగం అటు సరిగా కలవకపోతే రవికె అందం పోయినట్టే, ఇక్కడా కుట్టుకు రెండువైపులా ఛాయ ఒకటి కాకపోతే శిల్పంపై పగులు కనిపిస్తుంది. అందుకే కుట్టును వడ్డాణం కిందో జడ వెనుకో, కన్ను పడని చోట దాస్తారు. ఛాయను కుట్టు అంచు దాటి కొంచెం అవతలికి కూడా పరుస్తారు.

కాసులపేరు చేయాలంటే ఒక్క కాసు చేసి ముద్రలా వరుసగా కొట్టవచ్చు. సౌకర్యమే. కానీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న కాసుల వరుసను కన్ను వెంటనే పసిగడుతుంది. చేయి తిరిగిన శిల్పి నాలుగైదు కాసులు వేర్వేరుగా చేసి, వాటిని కొద్దికొద్దిగా తిప్పుతూ అమరుస్తాడు. మెడ వంపులో ఒరిగిన కాసు ఒకలా, గుండెపై నిలిచిన కాసు మరోలా ఉంటాయి.

ఈ పటానికి ఒక హద్దు కూడా ఉంది. మామూలు ఎత్తుపల్లాల పటం ఉపరితలాన్ని నిటారుగా లేపగలదు, దించగలదు. అంతే. కింద ఖాళీతో ముందుకు వంగిన తామర రేకును, చెవి నుంచి విడిగా వేలాడే జూకాను అది ఇవ్వలేదు. వాటిని విడిగా మలచాలి, లేదా మూడు దిక్కులకూ కదలికను చెప్పే మరో విధమైన పటాన్ని వాడాలి. అర్ధచిత్రము చిత్రము కాజాలదన్న పాత మాట ఇక్కడా నిలిచింది.

అంగుళం, యవ, పొర

మన ఆగమ శిల్పంలో మూర్తికి తాళమానం ఉంది. శ్రీదేవి, భూదేవి వంటి దేవేరుల మూర్తులకు మధ్యమ దశతాళాన్ని చెప్పారు. అంటే మూర్తి ఎత్తును 120 భాగాలు చేస్తే, ఒక్కొక్క భాగం ఒక అంగుళం. ఇది మన వేలి అంగుళం కాదు, ఆ మూర్తి తాలూకు దేహాంగుళం. అందులో ఎనిమిదో వంతు ఒక యవ.

ఇంట్లో పూజించే ప్రతిమ బొటనవేలి కణుపు మొదలు జానెడు వరకు ఉండవచ్చునని, అంతకు మించరాదని మత్స్యపురాణం చెబుతోంది. జానెడుకు లోబడి 180 మిల్లీమీటర్ల లక్ష్మీమూర్తిని అనుకుందాం. అప్పుడు ఒక అంగుళం 1.5 మిల్లీమీటర్లు. ఒక యవ 0.19 మిల్లీమీటర్లకు లోపే. త్రీడీ ముద్రణ యంత్రం రూపాన్ని పొర మీద పొరగా పేరుస్తుంది. సన్నని పనికి వాడే యంత్రాల్లో ఒక పొర మందం సాధారణంగా 0.05 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే యవ ఎత్తున్న నగకు నాలుగు పొరలైనా దక్కవు. అర యవ లోతున గీసిన చీర అంచుకు రెండు పొరలు కూడా రావు.

ఆపై దాన్ని పోత పోయాలి, మెరుగు పెట్టాలి. మెరుగు పెట్టినప్పుడు పైపొర కొంత అరిగిపోతుంది. కనుక ఇంటి విగ్రహానికి నగల లోతును రెండు యవలకు తగ్గకుండా ఇవ్వడం క్షేమం. కాసుల మీద లక్ష్మీరూపం చెక్కాలన్న ముచ్చటను మాత్రం ఆలయమంత మూర్తికి వదిలేయాలి. ఏ కొలతకు ఏ సూక్ష్మత చాలునో తెలియడమే శిల్పికి వివేకం.

పోత దగ్గరికి వచ్చేసరికి కొత్త విద్య పాత విద్య చేయి పట్టుకుంటుంది. మైనంతో ప్రతిమ చేసి, దానిచుట్టూ మట్టి పొదిగి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహాన్ని పోసే విధానాన్ని 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో వివరించాడు. మధూచ్ఛిష్ట విధానమని దానికి పేరు. నేడు మైనం వంటి పదార్థంతో ముద్రించిన రూపాన్ని కూడా ఇలాగే పొదిగి, కరిగించి, పోత పోస్తున్నారు. చేతితో మలచిన మైనం స్థానంలో యంత్రం పేర్చిన మైనం వచ్చింది. నిప్పూ లోహమూ మారలేదు.

ఏది ముందు, ఏది వెనుక?

ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడిని దర్శించారా? కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ ఆలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడి నల్లరాతి మదనికల ముందు నిలిచినప్పుడు మొదట మీ కన్ను పట్టుకునేది నగలను కాదు. నడుము వంపును, అడుగు పెట్టిన తీరును. దగ్గరికి వెళితే హారాలు కనిపిస్తాయి. ఇంకా దగ్గరికి వెళితే హారాల్లోని పూసలు కనిపిస్తాయి. స్థూలం నుంచి సూక్ష్మానికి మిమ్మల్ని నడిపించే క్రమమది.

తెరపై శిల్పానికి కూడా ఇదే క్రమం. జడ్‌బ్రష్, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌లు నేర్చుకునే పిల్లలు చేసే మొదటి తప్పు, రూపం కుదరకముందే నగలు తొడగడం. నిలబడిన తీరు తప్పుగా ఉన్న మూర్తికి కోటి పలకల నగిషీ చేసినా ఆ లోపం మానదు. మీదుమిక్కిలి, తర్వాత దిద్దడం కష్టమవుతుంది. ముందు మానం, తర్వాత మడతలు, చివర నగలు. ఆలయంలోనూ అభిషేకం తర్వాతే కదా అలంకారం!

రాతి మీద ఉలి దెబ్బ తప్పితే తిరిగి రాదు. తెర మీద తప్పును ఒక్క మీట నొక్కి చెరిపేయవచ్చు. ఆ వెసులుబాటు వరమే గానీ, అజాగ్రత్తకు కూడా అదే తలుపు తీస్తుంది. కాబట్టి ఒక నియమం పెట్టుకోవడం మంచిది. చీరకు, పీఠానికి, నగలకు పటం వాడవచ్చు. ముఖానికి మాత్రం ఏ ముద్రా కొట్టక, చేతితోనే మలచాలి. ధ్యానశ్లోకాన్ని మననం చేసుకుని, కన్నులను చివర తీర్చాలి. రాతి విగ్రహానికి స్థపతి నయనోన్మీలనం చేసే సంప్రదాయం వెనుక ఉన్న భావం ఇదే. అలంకారం ఎవరైనా చేయగలరు. చూపు ఇవ్వడానికి తపస్సు కావాలి.

పూజకు అర్హమేనా?

ఇక మొదటి సందేహానికి వద్దాం. భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునికి ఎనిమిది విధాల ప్రతిమలను చెప్పాడు. శిల, కొయ్య, లోహం, మట్టి పూత, చిత్రలేఖనం, ఇసుక, మణి, ఇవి ఏడూ బయటివి. ఎనిమిదవది మనోమయి, మనసులో నిలుపుకునే ప్రతిమ. ముద్రణ యంత్రం నుంచి వచ్చిన ప్లాస్టిక్ వంటి బొమ్మ పేరు ఈ జాబితాలో లేదు. అది అచ్చు మాత్రమే. దాని ద్వారా పోసిన పంచలోహ మూర్తి లోహమయి అవుతుంది. ఆ తర్వాత మీ ఇంటి పెద్దలను, పురోహితులను సంప్రదించి, శాస్త్రోక్తంగా పూజలో నిలుపుకోవాలి. రాతి శిల్పమైనా ప్రతిష్ఠకు ముందు శిల్పమే కదా!

మరి తెర మీద రాత్రంతా కూర్చుని మీ బిడ్డ చేసిన పని? అది ఆ ఎనిమిదవ ప్రతిమకు వేసిన మెట్టు అనుకోండి. వడ్డాణంలో ఒక్కొక్క పూస ఎంత ఎత్తున లేవాలో ఆలోచిస్తూ గడిపిన గడియలన్నీ అమ్మవారి రూపాన్ని మనసులో తిప్పుకున్న గడియలే. 'ఆ కంప్యూటర్ కట్టేసి పడుకో' అనే ముందు ఒక్కసారి పక్కన కూర్చోండి. బొమ్మను పక్కకు తిప్పి అంచు చూపించమనండి. మీకు తెలిసిన అమ్మవారి నగలను, వాటిని పెట్టే వరుసను చెప్పండి. తెరకు తెలియని సంగతులు మీ దగ్గర ఉన్నాయి.

భక్తిలోనూ ఈ రెండు విధాలున్నాయి. వెలుగు పడినప్పుడు మాత్రమే కనిపించే భక్తి ఒకటి. అది ఎదురుగా చూసేవారిని మెప్పిస్తుంది, పక్క నుంచి చూస్తే అంచు నున్నగా తేలిపోతుంది. మనసు ఉపరితలాన్నే కదల్చి, లేవవలసిన చోట లేపి, వంగవలసిన చోట వంచే భక్తి మరొకటి. హారతి ఏ వైపు తిరిగినా దాని నీడ నిజంగా పడుతుంది.

వచ్చే వరలక్ష్మీ వ్రతం నాడు అమ్మవారి వెండి ముఖానికి బొట్టు పెడుతూ ఆ ఎత్తుపల్లాల మీద వేలిని మరొక్క క్షణం నిలపండి. మన మనసులో ఏ మేరకు నిజంగా చెక్కుకున్నామో, ఏ మేరకు చెక్కినట్టు కనిపిస్తున్నామో, ఆ తల్లినే అడగండి.